సాక్షిని కూడా ప్రశ్నించాలి

వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో మన కోనసీమలో జ్వరాలు మామూలే. తాగి పారేసిన బొండాలు, కొబ్బరి చిప్పలు, పాత టైర్లు - వీటిలో నిలిచిన నాలుగు చుక్కల నీళ్లు చాలు, దోమ కాపురం పెట్టడానికి. మీ ఇంట్లోనూ ఎవరికో ఒకరికి జ్వరం తగిలి, అమలాపురంలోనో రాజోలులోనో కొత్తపేటలోనో ల్యాబుకు వెళ్లి డెంగ్యూ కార్డు టెస్టు చేయించే ఉంటారు. అరచేతిలో ఇమిడే తెల్లటి ప్లాస్టిక్ కార్డు అది. దాని గుంటలో రక్తపు చుక్కో, రక్తం నుంచి వేరుచేసిన సీరం చుక్కో వేస్తారు. పదిహేను ఇరవై నిమిషాలు ఆగుతారు. చిన్న కిటికీలాంటి సందులో ఎర్రటి గీతలు తేలతాయి. ఒక గీత పక్కన 'టి' అనీ, రెండో గీత పక్కన 'సి' అనీ అచ్చువేసి ఉంటుంది.

అందరి కళ్లూ 'టి' గీత మీదే. అది వస్తే జబ్బు ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. 'సి' గీతను ఎవరూ పట్టించుకోరు. ఎప్పుడూ వచ్చేదే కదా అని చులకన. నేనీ వ్యాసంలో ఆ చులకనైపోయిన గీత తరఫున వకాల్తా పుచ్చుకుంటున్నాను. అయితే నేను చెప్పబోయేది డెంగ్యూ సంగతి కాదు. అంతకంటే ఎంతో సున్నితమైన చోట, మన డి.ఎన్.ఏ. మీద ఉండే రసాయనపు గుర్తులను వెతికే చోట, పేరుమోసిన శాస్త్రజ్ఞులు కూడా ఇలాంటి గీతను మరిచిపోయిన కథ చెబుతాను. చెప్పాక మీ బడి ప్రయోగశాలకు వస్తాను.

కార్డు మీద గీతను గీసేవి ప్రతిరక్షకాలు. మన ఒంట్లోకి పరాయి పదార్థం జొరబడితే తెల్ల రక్తకణాల్లో ఒక తెగవారు, బి కణాలవారు, దాన్ని పట్టుకునే మాంసకృత్తులను తయారుచేస్తారు. అవే ప్రతిరక్షకాలు. ఇంగ్లీషు 'వై' అక్షరంలా రెండు చేతులు చాచి ఉంటాయి. ఆ చేతుల కొసలు ఏ ఆకారానికి తగ్గట్టు మలిచి ఉంటే ఆ ఆకారాన్నే పట్టుకుంటాయి. ఈ గుణం చూసి శాస్త్రజ్ఞులు వాటిని ప్రయోగశాలలో కూలికి పెట్టుకున్నారు. "ఫలానా పదార్థం ఇందులో ఉందా?" అని అడిగితే అవి వెళ్లి దాన్ని పట్టుకుంటాయి. పట్టుకున్న సంగతి మన కంటికి కనబడాలి కాబట్టి వాటికి ఏదైనా రంగు కట్టి పంపుతారు. డెంగ్యూ కార్డుల్లో చాలావాటిలో కట్టేది ఏమిటో తెలుసా? బంగారం! కంటికి ఆనని బంగారు రేణువులు. అంత చిన్నవిగా ఉన్నప్పుడు బంగారం పచ్చగా ఉండదు, ఎర్రగా ఉంటుంది.

సరే, ఇక డి.ఎన్.ఏ. దగ్గరికి వద్దాం. దానిలో అడినైన్, థైమిన్, గ్వానైన్, సైటోసిన్ అనే నాలుగు అక్షరాలుంటాయని మీరు చదువుకున్నారు. మనిషిలో ఆ అక్షరాల వరస సుమారు 300 కోట్లు. మీ కాలేయంలోని కణానికీ, మెదడులోని కణానికీ పుస్తకం ఒకటే. అక్షరం పొల్లుపోదు. అయినా ఒకటి కాలేయమైంది, మరొకటి మెదడైంది. ఎందుకని?

ఒక తోట ఊహించుకోండి. నూరు కొబ్బరిచెట్లున్నాయి. దింపు తీయించే ముందు రైతు తోటంతా తిరిగి, విత్తనపు కాయలకు ఉంచుకోవాలనుకున్న చెట్ల మొదట్లో సున్నం బొట్టు పెట్టాడు. బొట్టున్న చెట్టు ఎక్కవద్దని దింపువాళ్లకు చెప్పాడు. చెట్లు మారలేదు, వాటి వరస మారలేదు. కానీ ఏ చెట్టు కాయలు బజారుకు వెళతాయో, ఏవి చెట్టు మీదే ఉంటాయో ఆ బొట్టు నిర్ణయించింది. డి.ఎన్.ఏ. మీద కూడా ఇలాంటి బొట్లుంటాయి. వాటిలో ముఖ్యమైనది సైటోసిన్ అక్షరం మీద అతుక్కునే మిథైల్ సమూహం. ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు, అంతే. మన కోనసీమ నేల కింద నుంచి తోడే సహజ వాయువులో ఎక్కువ భాగం మీథేనే కదా. దానిలోంచి ఒక్క హైడ్రోజన్ తీసేస్తే మిగిలేది మిథైల్ సమూహం. అంత చిన్న బొట్టు. ఒక జన్యువు మొదట్లో ఇలాంటి బొట్లు గుమిగూడితే సాధారణంగా ఆ జన్యువు నోరు మూసుకుంటుంది. డి.ఎన్.ఏ.లో ఈ మిథైల్ సైటోసిన్ ఉందని 1948లో రోలిన్ హాచ్‌కిస్ దూడ కణాల్లో గమనించాడు.

ఈ బొట్టుకు సున్నం ఎక్కడి నుంచి వస్తుంది? ఇక్కడ మన పొరుగూరి పెద్దమనిషి ఒకాయన కథలోకి వస్తారు. రాజోలు దాటి దిండి దగ్గర వశిష్ఠ మీది వంతెన ఎక్కి, అవతల చించినాడలో దిగితే పశ్చిమగోదావరి జిల్లా. అక్కణ్ణుంచి భీమవరం ఎంతో దూరం లేదు. 1895 జనవరి 12న ఆ భీమవరంలో పుట్టారు యల్లాప్రగడ సుబ్బారావు గారు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వాన పనిచేసిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. మీరు తోటకూర పప్పులో తినే విటమినే అది. మన ఒంట్లో ఒక్కొక్క కార్బన్‌ను భుజాన వేసుకుని మోసే కూలీ ఫోలిక్ ఆమ్లం. డి.ఎన్.ఏ. మీద పడే మిథైల్ బొట్టులో చాలా భాగం ఆ కూలీ మోసుకొచ్చి, చేతులు మారి చేరిన సరుకే.

అదే ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లానికి విరోధిగా పనిచేసే అమినోప్టెరిన్ అనే మందు కూడా తయారైంది. దానితో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తపు కేన్సరు వచ్చిన పిల్లలకు, కొంతకాలమే అయినా, ఉపశమనం కలిగించగలిగాడు. 1948లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు న్యూయార్కులో కన్నుమూశారు. ఈ అమినోప్టెరిన్ పేరు గుర్తుపెట్టుకోండి. కొంచెం సేపట్లో మళ్లీ అవసరమవుతుంది.

తోటలో బొట్టున్న చెట్లేవో చీకట్లో కనిపెట్టాలంటే టార్చిలైటు పట్టుకుని ఒకడు తిరగాలి. డి.ఎన్.ఏ.లో బొట్టు కనిపెట్టడానికి ఆ టార్చిలైటు మనిషి ప్రతిరక్షకమే. కానీ మిథైల్ సైటోసిన్‌కు ప్రతిరక్షకం తయారు చేయించడం ఎలా? అది మరీ చిన్న అణువు. కుందేలుకు సూది మందుగా ఎక్కిస్తే దాని ఒళ్లు లెక్కే చెయ్యదు. కొలంబియా విశ్వవిద్యాలయంలో బెర్నార్డ్ ఎర్లాంగర్, శామ్ బైసర్ అనే ఇద్దరు 1964లో ఉపాయం చూపించారు. డి.ఎన్.ఏ., ఆర్.ఎన్.ఏ.ల అక్షరాలను ఆల్బుమిన్ అనే పెద్ద మాంసకృత్తుకు అతికించి కుందేళ్లకు ఎక్కించారు. ఏనుగు మీద కూర్చున్న చీమ లాంటిదన్నమాట. ఏనుగు వచ్చిందని కుందేలు రక్షణ వ్యవస్థ మేలుకుంది. మేలుకున్నాక చీమనూ గుర్తుపట్టింది. అలా అక్షరాలను పట్టుకునే ప్రతిరక్షకాలు దొరికాయి. 1974లో ఎర్లాంగర్, ఓర్లాండో మిల్లర్ తదితరులు మిథైల్ సైటోసిన్‌ను పట్టే ప్రతిరక్షకానికి మెరిసే రంగు కలిపి క్రోమోజోముల మీద వదిలారు. సూక్ష్మదర్శినిలో చూస్తే కొన్ని చోట్ల మాత్రమే గుంపులు గుంపులుగా వెలుగు. మనిషి క్రోమోజోముల్లో 1, 9, 16 సంఖ్యలవాటి మీద ఆ మెరుపు కొట్టొచ్చినట్టు కనిపించింది. బొట్లు అంతటా సమంగా లేవని కళ్లతో చూసిన రోజు అది.

కుందేలు ఇచ్చే ప్రతిరక్షకాలతో ఒక చిక్కుంది. ఒక కుందేలు ఇచ్చినట్టు మరొకటి ఇవ్వదు. కుందేలు చచ్చిపోతే సరుకు అయిపోతుంది. 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టైన్ ఈ చిక్కు విప్పారు. ప్రతిరక్షకం తయారుచేసే ఎలుక బి కణాన్నీ, చావు లేకుండా పెరుగుతూ పోయే కేన్సరు కణాన్నీ కలిపి ఒకటి చేశారు. ఈ జంటకణం ఒకే రకం ప్రతిరక్షకాన్ని ఏళ్ల తరబడి ఇస్తూ ఉంటుంది. 1984లో వాళ్లకు నోబెల్ బహుమానం వచ్చింది. అయితే గిన్నెలో జంటకణాలతోపాటు జత కుదరని కేన్సరు కణాలూ, జత కుదరని బి కణాలూ కలిసి ఉంటాయి. వాటిని ఏరివెయ్యాలి. బి కణాలు కొద్దిరోజుల్లో వాటంతట అవే చస్తాయి. కేన్సరు కణాలను చంపడానికి ఆ గిన్నెలో పోసే మందులో అసలు పనిచేసేది ఏమిటనుకున్నారు? అమినోప్టెరిన్! డి.ఎన్.ఏ. కట్టుకునే మామూలు దారిని అది మూసేస్తుంది. పక్కదారి తెలిసిన జంటకణాలు మాత్రమే బతికి బయటపడతాయి. పక్కదారి తెలియని కేన్సరు కణాలను ముందే ఎంచుకుని వాడతారు లెండి. బొట్టుకు కార్బన్ మోసేదాన్నీ, ఆ బొట్టును వెతికే ప్రతిరక్షకాల తయారీలో జల్లెడలా పనికొచ్చేదాన్నీ మన గోదావరి గట్టు మనిషి నడిపిన ప్రయోగశాలే అందించింది. ఈ ముక్క మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా నా కంటబడలేదు.

ఇక ప్రతిరక్షకాల పని జోరందుకుంది. డి.ఎన్.ఏ.ను ముక్కలు చేసి, వేడిచేస్తారు. జంట పేటలు విడిపోతాయి. విడిపోకపోతే అక్షరాలు మెట్ల మధ్య దాగి ఉండి ప్రతిరక్షకానికి అందవు. తరువాత ప్రతిరక్షకాన్ని వదిలితే అది బొట్టున్న ముక్కల్ని గాలంలా పట్టుకొస్తుంది. ఆ ముక్కలు డి.ఎన్.ఏ. పుస్తకంలో ఏ పేజీవో చదువుతారు. 2005లో స్విట్జర్లాండులో డిర్క్ షూబెలర్ బృందం ఈ పద్ధతితో మనిషి డి.ఎన్.ఏ. మీద బొట్ల పటం గీసింది. 2009లో మెదడు కణాల్లో హైడ్రాక్సీమిథైల్ అనే మరో బొట్టు ఉన్నట్టు తేలింది. అప్పటికి అందరూ నమ్ముకున్న బైసల్ఫైటు పరీక్ష ఈ రెండు బొట్లకూ తేడా చెప్పలేదు. ప్రతిరక్షకం చెప్పగలిగింది. కాబట్టి ప్రతిరక్షకాలను తీసిపారెయ్యాలని నేను అనబోవడం లేదు. ముందే చెబుతున్నాను.

మళ్లీ మన కొబ్బరితోటకు రండి. టార్చిలైటు మనిషి తిరిగొచ్చి "ముప్ఫై చెట్లకు బొట్టుంది బాబూ" అన్నాడు. మీరు నమ్మి రాసుకున్నారు. తెల్లారి మీరే వెళ్లి చూస్తే బొట్టున్నవి పది చెట్లే. మిగతా ఇరవై? కొబ్బరి మాను మీద తెల్లటి మచ్చలుగా లైకెన్లు పెరుగుతాయి, చూసే ఉంటారు. రాత్రి టార్చి వెలుగులో సున్నమూ తెలుపే, లైకెనూ తెలుపే. అతను అబద్ధం చెప్పలేదు. తెల్లగా కనిపించిందల్లా చెప్పాడు. తప్పు మనది. బొట్లే పెట్టని తోటలోకి ఒకసారి అతన్ని పంపి, "ఇక్కడెన్ని?" అని అడిగి ఉంటే అక్కడ కూడా ఇరవై చెప్పేవాడు. మన సంగతి మనకు తెలిసేది.

సరిగ్గా ఇదే జరిగింది. స్వీడన్‌లోని లింషోపింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన లెంటీనీ, నెస్టర్ తదితరులు 2018లో ఒక వ్యాసం ప్రకటించారు. ప్రతిరక్షకం గాలంతో పట్టి "ఇక్కడ బొట్టుంది" అని ప్రకటించిన చోట్లలో 50 నుంచి 99 శాతం వరకు ఉత్తవేనని వాళ్లు తేల్చారు. ఏ రకపు బొట్టు అన్నదాన్నిబట్టి ఆ శాతం మారింది. డి.ఎన్.ఏ.లో కొన్నిచోట్ల రెండు మూడు అక్షరాలు అదే పనిగా మళ్లీ మళ్లీ వస్తుంటాయి. ఏ బొట్టూ లేకపోయినా, ప్రతిరక్షకాలు తమ సహజ గుణం కొద్దీ అలాంటి చోట్ల అంటుకుపోతున్నాయి. అవే మన లైకెన్ మచ్చలు. ఈ సంగతి వాళ్లెలా కనిపెట్టారు? ఏ బొట్టునూ పట్టడం చేతకాని మామూలు ప్రతిరక్షకాన్ని పంపి చూశారు. అదీ అవే చోట్లను పట్టుకొచ్చింది. బొట్లు పెట్టే ఎంజైములనే తీసేసిన ఎలుక కణాల్లో చూశారు. అక్కడ కూడా "బొట్లు" కనిపించాయి! అంటే బొట్లు పెట్టని తోటలోకి మనిషిని పంపారన్నమాట. అంతకుముందు ఎన్నో పరిశోధనల్లో ఆ పని చెయ్యలేదు. చేసినవాళ్లు కూడా పోలికకు వేరేదాన్ని తీసుకున్నారు, ఈ మామూలు ప్రతిరక్షకాన్ని కాదు.

ఇంకొక కథ ఉంది. అడినైన్ అక్షరం మీద పడే మిథైల్ బొట్టు బాక్టీరియాలో బోలెడంత. 2015లో ఆ బొట్టు ఈగలోనూ, ఒక రకం నులిపురుగులోనూ, మీరు పాఠాల్లో బొమ్మ గీసే క్లామిడోమొనాస్ నాచులోనూ ఉందని మూడు వ్యాసాలు ఒకేసారి వచ్చాయి. తరువాత ఎలుకలోనూ ఉందన్నారు. పెద్ద సంచలనం. 2022లో అమెరికాలో గ్యాంగ్ ఫ్యాంగ్ బృందం వేరే పద్ధతితో, ఏ జీవి డి.ఎన్.ఏ. ఎంత అని విడదీసి లెక్కగట్టింది. క్లామిడోమొనాస్‌లో బొట్టు నిజమే. ఈగ, ఆవజాతి మొక్క అరబిడాప్సిస్‌లలో కనిపించినది చాలావరకు వాటితో కలిసి వచ్చిన బాక్టీరియాది! ఈగ కడుపులో, మొక్క వేళ్ల చుట్టూ బాక్టీరియా ఉండక ఎక్కడికి పోతుంది? ప్రతిరక్షకం ఈసారి సరైన బొట్టునే పట్టింది. కాని ఎవరి బొట్టు అన్నది దానికి తెలియదు, మనమూ అడగలేదు. ఏనుగు మీది చీమను గుర్తుపట్టగల సాక్షికి ఆ చీమ ఏ ఏనుగుదో చెప్పడం చేతకాదు.

ఇక నా అభిప్రాయం. తప్పు ప్రతిరక్షకాలు అమ్మే కంపెనీలదని కొందరంటారు. కొంత నిజమే. ఒకే పేరుతో అమ్మే సీసా సీసాకూ తేడా ఉండడం చూసి విసిగిపోయి, 2015లో వందమందికి పైగా శాస్త్రజ్ఞులు, ప్రతిరక్షకం తయారీకి కావలసిన జన్యువు వరస తెలిసినవాటినే వాడాలని ఉమ్మడిగా కోరారు. మంచి కోరికే. కాని దానితో సగమే బాగుపడుతుంది. మిగతా సగం వాడే మనిషి అలవాటులో ఉంది. ఆ అలవాటు పెద్దయ్యాక పరిశోధనాలయంలో వచ్చేది కాదు. పదమూడు పద్నాలుగేళ్ల వయసులో, మీ బడిలో, రావాలి. లేదా అక్కడే చెడిపోవాలి.

మీరు చేసే అర్ధపత్ర ప్రయోగం తీసుకోండి. ఆకులో సగాన్ని పొటాషియం హైడ్రాక్సైడ్ ఉన్న సీసాలో పెడతారు, సగం బయట వదులుతారు. ఎండలో కొన్ని గంటలుంచి, ఆకుపచ్చదనం తీసేసి అయొడిన్ వేస్తారు. బయటి సగం నల్లటి నీలమవుతుంది. లోపలి సగం కాదు. ఆ ప్రయోగానికి ప్రాణం ఎక్కడుంది? నీలం రంగులో కాదు, నీలం కాని సగంలో! అది లేకపోతే కార్బన్ డయాక్సైడుకూ పిండిపదార్థానికీ సంబంధం ఉందని ఎవరు చెప్పగలరు? నిజం చెప్పండి, మీలో ఎంతమంది ఆ సీసాలోని సగాన్ని చూశారు? ఎంతమంది రికార్డు పుస్తకంలో బొమ్మ ముందే గీసుకుని, ప్రయోగం తరువాత చేశారు? అసలు చెయ్యకుండానే సంతకం పెట్టించుకున్నవాళ్లెందరు? నేనూ మీ వయసులో సీనియర్ రికార్డు చూసి ఎక్కించినవాణ్ణే. రీడింగు సరిపోకపోతే రబ్బరుతో చెరిపి "సరైన" అంకె వేసినవాణ్ణే. ఆ అంకె వేసినందుకు మార్కులొచ్చాయి. అలా మార్కులు రావడమే అసలు ముప్పు. రావలసిన రంగు వచ్చిందని రాయడమే సైన్సు అని అది నేర్పింది. ఎలుక కణంలో బొట్టు ఉండాలి, ఉంది, రాసేశాం అన్నవాళ్లకూ, రబ్బరు పట్టుకున్న నాకూ పెద్ద తేడా లేదు.

ఇక్కడ సుబ్బారావు గారి ఇంకో పని చెప్పాలి. 1925లో ఆయన హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. మాలిబ్డేటు కలిపి, మరో రసాయనం వేస్తే నీలి రంగు వస్తుంది. ఎంత చిక్కటి నీలమో అంత భాస్వరం. కాని ఎంత చిక్కన అని ఎలా తెలుస్తుంది? భాస్వరం ఎంతుందో ముందే తెలిసిన ద్రావణాన్ని పక్కన పెట్టి, దాని నీలంతో పోల్చి చూడాలి. ఆ పక్కది లేకపోతే ఈ నీలానికి అర్థం లేదు. వందేళ్లు దాటినా జీవరసాయన శాస్త్రం చదివేవారు ఆ పద్ధతి నేర్చుకుంటూనే ఉన్నారు. ఒక రంగు చూసి సంతోషించక, దాని పక్కన తెలిసిన రంగు పెట్టడం ఆ పద్ధతిలో విడదీయరాని భాగం.

"అయ్యా, ప్రతి పరీక్షకూ జోడీ పరీక్ష పెడితే ఖర్చు రెట్టింపు కాదా? మనలాంటి బీద దేశపు ప్రయోగశాలలు భరించగలవా?" అని మీ మాస్టారు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ప్రతిరక్షకాలు చౌక కాదు, చాలావరకు దిగుమతి సరుకు. అయినా నా లెక్క వేరు. జోడీ పరీక్షకు ఒకసారి ఖర్చవుతుంది. లేని బొట్టును ఉందని నమ్మి, దాని వెంట మరో పదిమంది పరిగెడితే అయ్యే ఖర్చుకు అంతుండదు. పైగా స్వీడన్ వారు చేసినదానిలో పెద్ద భాగం ఏమిటో తెలుసా? ఇతరులు అప్పటికే అందరికీ అందుబాటులో పెట్టిన అంకెలను మళ్లీ విప్పి చూడడం. దానికి కావలసింది కంప్యూటరు, ఓపిక, "అదెలా?" అని అడిగే నాలుక. మొదటి రెండూ ఈ రోజుల్లో అమలాపురం కాలేజీలో చదివేవాడికీ దొరుకుతాయి. మూడోది మీ దగ్గర ఉందా అన్నదే నా బెంగ.

మరొక మాట. 'సి' గీత వచ్చినంత మాత్రాన 'టి' గీత చెప్పేదంతా సత్యమని కాదు. కార్డులో ద్రవం చివరిదాకా పాకింది, ప్రతిరక్షకాలు చెడిపోలేదు అని మాత్రమే 'సి' చెబుతుంది. 'టి' గీత మరేదో చూసి రాలేదని అది హామీ ఇవ్వదు. అందుకే ప్రభుత్వ లెక్కల్లో డెంగ్యూ నిర్ధారణకు కార్డు చాలదు, ఎలైసా పరీక్ష కావాలి. ఎన్ని రకాలుగా తప్పు జరగవచ్చో అన్ని రకాల జోడీలు పెట్టాలి. పరికరం పనిచేస్తోందా అన్నది ఒక జోడీ. లేనిచోట ఉందంటోందా అన్నది మరొకటి. మీరు ఇంటర్మీడియట్‌కు వెళితే లవణాల విశ్లేషణలో ప్రాథమిక పరీక్ష వేరు, నిర్ధారణ పరీక్ష వేరు అని నేర్పుతారు. అది ఈ తెలివే. తీరా అక్కడ కూడా ఏ లవణం ఇచ్చారో ముందే అడిగి తెలుసుకునేవాళ్లుంటారనుకోండి!

ఈ బొట్ల గొడవ మనకెందుకు, ఎలుకలూ ఈగలూ పెట్టుకున్నవాళ్లు చూసుకుంటారులే అంటారా? అయితే కొబ్బరికి దగ్గరి చుట్టం ఆయిల్‌పామ్ సంగతి వినండి. మన గోదావరి జిల్లాల్లో ఆయిల్‌పామ్ తోటలు విస్తారంగా ఉన్నాయి. దాని పరిశోధనకు జాతీయ సంస్థ ఏలూరు దగ్గర పెదవేగిలో ఉంది. బాగా కాసే చెట్టు నుంచి చిన్న ముక్క తీసి, గాజుసీసాలో పెంచి, అచ్చం దానిలాంటి వేల మొక్కలు తయారు చెయ్యవచ్చునని 1970లలో విదేశాల్లో ఉత్సాహంగా మొదలుపెట్టారు. 1980లలో ఆ తోటలు కాపుకొచ్చాక గుండెలు జారిపోయాయి. కొన్ని చెట్ల కాయలు వికారంగా, చుట్టూ పిల్లకాయలు తొడుక్కున్నట్టు వచ్చాయి, నూనె పడిపోయింది. డి.ఎన్.ఏ. అక్షరాలు చూస్తే తల్లిచెట్టుకూ వీటికీ తేడా లేదు. ముప్ఫై ఏళ్లు గడిచాక, 2015లో, మలేసియా శాస్త్రజ్ఞులూ అమెరికావారూ కలిసి కారణం కనుక్కున్నారు. పువ్వు భాగాలను తీర్చే ఒక జన్యువు లోపల ఇరుక్కున్న చిన్న తునక మీద మిథైల్ బొట్లు చెరిగిపోయాయి. ఆ తునక పేరేమిటో తెలుసా? 'కర్మ'! నేను పెట్టిన పేరు కాదు. బొట్లు నిలిచి ఉంటే మంచి కర్మ, చెరిగితే చెడు కర్మ అని వాళ్లే చమత్కరించారు. వాళ్లు దీన్ని ప్రతిరక్షకంతో కాక వేరే రసాయన పద్ధతులతో కనుక్కున్నారు. మంచికాయ చెట్లనూ చెడుకాయ చెట్లనూ పక్కపక్కన పెట్టి, ఒక తోటలో చూసినదాన్ని వేరే తోటల్లో సరిచూసి మరీ చెప్పారు.

ఆయిల్‌పామ్ మొక్క నాటిన రైతు మొదటి గెల చూడడానికి మూడు నాలుగేళ్లు ఆగాలి. అంతవరకూ మొక్క మంచిదో చెడ్డదో ఆకు చూసి చెప్పలేడు. రేపు ఎవరైనా "ఈ మొక్కల బొట్లు పరీక్ష చేశాం, అన్నీ సరిగా ఉన్నాయి" అని కాగితం చూపించి అమ్మితే, ఆ కాగితం వెనక జోడీ పరీక్ష ఉందా లేదా అన్నదాని మీద ఆ రైతు నాలుగేళ్ల నీళ్లూ ఎరువులూ అప్పులూ ఆధారపడి ఉంటాయి. కొబ్బరి ఈ గాజుసీసా పద్ధతికి చాలాకాలంగా మొండికేస్తూ వచ్చింది. అరటి మాత్రం ఎప్పుడో లొంగింది. కొత్తపేట, రావులపాలెం చుట్టుపక్కల టిష్యూకల్చర్ అరటిమొక్క తెలియని రైతు ఉండడు. వాటిని అమ్మే ముందు వైరస్ ఉందో లేదో చూడడానికి వాడేవాటిలోనూ ప్రతిరక్షకాలున్నాయి.

అలాంటి మొక్కలు మీ నాన్నగారో మావయ్యగారో కొనడానికి వెళ్లినప్పుడు మీరూ వెంట వెళ్లండి. కాగితం చూపిస్తే చదవండి. చదివాక మర్యాదగా అడగండి: "వైరస్ ఉందని ముందే తెలిసిన మొక్కను, లేదని తెలిసిన మొక్కను కూడా ఇదే పరీక్షకు పెట్టారా అండీ? వాటికి ఏమొచ్చింది?" అమ్మేవాడు విసుక్కోవచ్చు. మావయ్య కూడా మీ వంక ఒకసారి ఎగాదిగా చూడవచ్చు. అయినా సరే, జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడండి.